ట్రంకు రోడ్డు ఉంది, హైవే లేదు

ఫోన్లో మ్యాప్స్ తెరిచి చెన్నై నుంచి విజయవాడకి దారి అడగండి. నీలి గీత వెంకటాచలం దాటాక నెల్లూరు ఊళ్ళోకి పోదు. తూర్పు పక్కన విల్లులా వంగి, పెన్న దాటేసి, కోవూరు అవతల మళ్ళీ తిన్నగా అవుతుంది. ఆ వంపు పొడవు 17 కిలోమీటర్ల పైచిలుకు. ఇప్పుడు మ్యాప్‌ని రెండు వేళ్ళతో దగ్గరికి లాగండి. విల్లుకి నారి కట్టినట్టు ఊరి మధ్యలోంచి ఇంకో గీత కనబడుతుంది. వేదాయపాళెం, అయ్యప్పగుడి, మద్రాసు బస్టాండు, వీఆర్సీ, గాంధీ బొమ్మ, నర్తకి, కనకమహల్, ఆత్మకూరు బస్టాండు, పాత పెన్నా బ్రిడ్జి. దాన్నే మేం ట్రంకు రోడ్డు అంటాం, జీటీ రోడ్డు అని కూడా అంటాం. మద్రాసు నుంచి కలకత్తాకి పోయే హైవే ఒకప్పుడు అదే.

విల్లు కంటే నారి పొట్టిది. అయినా మ్యాప్ మిమ్మల్ని విల్లు వెంటే తిప్పుతుంది. ఎందుకో నెల్లూరోళ్ళకి చెప్పక్కర్లేదు. సాయంత్రం ఆరింటికి గాంధీ బొమ్మ దగ్గర ఐదు నిమిషాలు నిలబడితే చాలు.

నాది ఇందుకూరుపేట. నెల్లూరికి తూర్పున, మైపాడు బీచికి పోయే దారిలో ఉంటుంది. వరి, రొయ్యల గుంటలు, ఆదివారమైతే బీచికి పోయే బైకులు. నేను చెన్నైలో ఓఎమ్మార్ మీద ఒక ఆఫీసులో కోడ్ రాసుకుంటూ నెలకోసారి ఇంటికొస్తుంటా. ఈ రోడ్డు చరిత్ర నాకెందుకు పట్టిందంటే, మా మామ వల్ల. వేదాయపాళెం దగ్గర, పాత హైవే పక్కన ఆయనకి లారీ స్పేర్ పార్టుల షాపుంది. సంక్రాంతికి ఇంటికొచ్చినప్పుడు అరిసెలు తింటా తింటా విషయం బయటపెట్టాడు. "బైపాస్ సర్వీసు రోడ్డులో షాపు చూసినా అబ్బయా. అడ్వాన్సు, ర్యాకులు, సరుకు, అన్నీ కలిపి 8 లక్షలు. బ్యాంకు లోనుకి నువ్వు పక్కన సంతకం పెట్టాల."

మామ ఎప్పుడూ ఏదీ అడిగే మనిషి కాదు. నా ఇంజినీరింగ్ ఫీజు ఒక ఏడాది ఆయనే కట్టాడు. అందుకని వెంటనే కాదనలేను, వెంటనే ఊఁ అని కూడా అనలేను. "ఒక రెండ్రోజులు టైమియ్యి మామా, రోడ్డంతా ఒకసారి చూద్దాం" అన్నా. చూడ్డానికేముంది, పుట్టినప్పటి నుంచీ చూస్తానే ఉండాం కదా అని అత్త నవ్వింది.

పేరుతో మొదలుపెడతా. ట్రంకు అంటే పెట్టె కాదు. మా చెల్లెలు పదో తరగతి దాకా అది ట్రంకు పెట్టెలు అమ్మే బజారనే అనుకుంది! చెట్టుకి మాను ఎట్లానో, కొమ్మల్లాంటి చిన్న దారులన్నిటికీ ఇది అట్లా. గ్రేట్ నార్తర్న్ ట్రంక్ రోడ్ అనేది కంపెనీ వాళ్ళు పెట్టిన పేరు. మద్రాసు నుంచి ఉత్తరంగా కలకత్తాకి పోయేది కాబట్టి నార్తర్న్. షేర్‌షా పేరు చెప్పే గ్రాండ్ ట్రంక్ రోడ్ వేరు, అది కలకత్తా నుంచి ఢిల్లీ మీదుగా పెషావరు వైపు పోతుంది. చెన్నైలో మాధవరం, పుళల్ దగ్గర ఇప్పటికీ బోర్డుల మీద జీఎన్టీ రోడ్డు అనే ఉంటుంది. సరిహద్దు దాటి మన దగ్గరికొచ్చేసరికి మధ్యలో ఎన్ రాలిపోయి జీటీ అయింది. కావలిలో ఒక ట్రంకు రోడ్డుంది, ఒంగోలులో ఇంకోటుంది, గుంటూరులో జీటీ రోడ్డుంది. అన్నీ ఆ మాను ముక్కలే. హైవే ఒక్కో ఊరిని తప్పించుకుని పక్కకి జరిగినప్పుడల్లా ఒక్కో ముక్క ఊళ్ళో మిగిలింది.

ఈ దారిన నడిచిన తెలుగువాళ్ళలో బాగా రాసిపెట్టిన మనిషి ఏనుగుల వీరాస్వామయ్య. మద్రాసు సుప్రీంకోర్టులో ఇంటర్‌ప్రెటర్. 1830 మే నెలలో కాశీకి బయల్దేరి, 1831 సెప్టెంబరులో మద్రాసు చేరాడు. పోయేటప్పుడు తిరుపతి, కడప, హైదరాబాదు మీదుగా పోయాడు. తిరిగొచ్చేటప్పుడు కలకత్తా నుంచి కోస్తా వెంట, నెల్లూరు మీదుగా దిగాడు. పల్లకీలు, బోయీలు, సత్రాలు, ఏటి దగ్గర పడవ కోసం కాచుకోవడం... నేను మాధవరంలో బస్సెక్కి నాలుగు గంటల్లో నెల్లూరులో దిగుతా. ఆయనకి ఆ ముక్కే ఎన్ని రోజుల పనో!

మా ఇందుకూరుపేట వైపు వాళ్ళకి మాత్రం ఆ కాలంలో ఈ రోడ్డుతో అంత పని లేదు. మాకు బకింగ్‌హాం కాలువ ఉంది. సముద్రానికి సమాంతరంగా మా మండలంలోంచే పోతుంది. ఉప్పు, కట్టెలు, ధాన్యం పడవల్లో మద్రాసుకి పోయేవి. కాలువ పని 1806లోనే మద్రాసు దగ్గర మొదలైంది. 1877-78 కరువులో పని కల్పించడానికి పెద్దఎత్తున తవ్వించారు. అప్పటి గవర్నరు డ్యూక్ ఆఫ్ బకింగ్‌హాం పేరే దానికి పడింది. 1899లో మద్రాసు-బెజవాడ రైలు వచ్చాక సరుకు అటు మళ్ళింది. 1966, 1976 తుపాన్లు మిగిలిన పని కానిచ్చేశాయి. పడవలు పోయాయి, కాలువ మిగిలింది. తమాషా ఏంటంటే, నా ఆఫీసు ఉన్న ఓఎమ్మార్ కూడా అదే కాలువ పక్కన పోతుంది. అక్కడి నీళ్ళ రంగు గురించి మాట్లాడుకోకపోవడమే మేలు. సరుకు దారి మారితే వెనక ఏం మిగులుతుందో మా ఊరికి మామ షాపు కంటే ముందే తెలుసని చెప్పడానికే ఇదంతా.

స్వాతంత్ర్యం వచ్చాక ఈ మద్రాసు-కలకత్తా దారిలో ఎక్కువ భాగానికి నేషనల్ హైవే 5 అని నంబరొచ్చింది. మద్రాసు నుంచి ఒడిశాలో ఝార్పొఖరియా దాకా. అదంతా నెల్లూరు బజారు మధ్యలోంచే! మామ వాళ్ళ నాయన 1978లో షాపు పెట్టినప్పుడు బంకు సైజు రేకుల కొట్టు. పగలూ రాత్రీ లారీలే. ఫ్యాన్ బెల్టు తెగినా, హెడ్‌లైటు పోయినా పెన్న దాటకముందే ఆగి చూసుకునేవాళ్ళు. పంజాబీ డ్రైవర్లకి నెల్లూరు చేపల పులుసు అలవాటు చేసింది ఈ రోడ్డే అంటాడు మామ. రుజువు అడగొద్దు, ఆయన మాటల్లో సగం ఇట్లాంటివే. ఇంకో సగం నిజం కూడా ఆయనే చెప్తాడు. స్కూలు పిల్లకాయలు రోడ్డు దాటాలంటే షాపులోంచి ఎవరో ఒకరు లేచి చెయ్యి పట్టుకుని దాటించాల్సొచ్చేదంట. సాయంత్రమైతే ఎవరో ఒకరు ఆసుపత్రికి.

తర్వాత స్వర్ణ చతుర్భుజి వచ్చింది. 1999 జనవరిలో వాజ్‌పేయి శంకుస్థాపన చేసిన పని, నాలుగు మహానగరాల్ని కలిపి 5,846 కిలోమీటర్లు. అందులో భాగంగా మా నెల్లూరు బైపాస్. దాన్ని యాన్యుటీ పద్ధతిలో కట్టించారు. అంటే కాంట్రాక్టరు ముందు తన డబ్బుతో రోడ్డేస్తాడు, ప్రభుత్వం తర్వాత ఏళ్ళ తరబడి ఆరు నెలలకోసారి కట్టుకుంటూ పోతుంది. మనం ఫోను ఈఎంఐలో కొంటాం చూడండి, అట్లాంటిదే. సైజే వేరు.

బైపాస్ తెరిచిన నెలలో షాపు ముందు నిశ్శబ్దానికి మామకి నిద్ర పట్టలేదంట. "రాత్రి పదకొండింటికి కుక్కలు రోడ్డు మధ్యలో పండుకుని ఉండాయి. అట్లా నేనెప్పుడూ చూళ్ళా."

ఇక్కడ మా ఊరి సంగతి కూడా చెప్పాలి, లేకపోతే కథ ఒకవైపే అవుతుంది. పాత హైవే మాకు నెల్లూరు నడిమధ్యలో ఉండేది. బజారుకి పోయినప్పుడు కనబడేది, అంతే. కొత్త హైవే వచ్చి మాకూ ఊరికీ మధ్యలో పడింది. మైపాడు రోడ్డు ఇప్పుడు దాన్ని దాటి గానీ నెల్లూరులోకి పోదు. దాంతో ఏమైంది? తెల్లారుజామున నాలుగింటికి నైటు బస్సు బైపాస్‌లో దింపేసి పోతుంది. నెల్లూరులో ఉండేవాళ్ళు తిట్టుకుంటూ ఆటో వెతుక్కుంటారు. నాకు మాత్రం ఇల్లు దగ్గరైంది, నాయన బండేసుకుని వచ్చి నిలబడి ఉంటాడు. రొయ్యల లోడు ఐసు పెట్టి చెన్నైకి పంపాలంటే ట్రంకు రోడ్డు జనంలో ఇరుక్కునే పని లేదు. ఎక్కడో అవతలున్న హైవే మా పక్కకి నడిచొచ్చింది. మామకి పోయింది మాకు దొరికింది. ఒకే ఇంట్లో అమ్మ తమ్ముడు నష్టపోయి, నాయన లాభపడ్డాడు. ఈ ముక్క సంక్రాంతి రోజు ఎవరూ ఎత్తరు.

ఇంకా తమాషా, కాగితాల మీద జరిగింది. రోడ్డు ఎక్కడికీ పోదు, కానీ హైవే పొట్టిదవుతుంది. జాతీయ రహదారుల చట్టం, 1956 ప్రకారం ఒక దారిని హైవే అని ప్రకటించేదీ, జాబితాలోంచి తీసేసేదీ కేంద్రమే. గెజిట్‌లో ఒక నోటిఫికేషన్ చాలు. 2010లో దేశంలో హైవేల నంబర్లన్నీ తిరగరాసినప్పుడు 5 పోయి 16 వచ్చింది. మామ షాపు బోర్డు మీద మాత్రం ఇంకా "ఎన్.హెచ్.5, వేదాయపాళెం" అనే ఉంది. రోడ్డు కింద అదే మట్టి, పైన అదే గుంట. పేరు మాత్రం బైపాస్ మీదికి పోయింది, నంబరైతే పూర్తిగానే పోయింది. మా సాఫ్ట్‌వేర్‌లో ఇట్లాంటి వాటిని డిప్రికేటెడ్ అంటాం. పాత ఫంక్షన్, వాడొద్దని పైన రాసుంటుంది. కానీ సగం సిస్టం దాన్నే పిలుస్తూ ఉంటుంది. తీసేస్తే అంతా కూలుతుంది కాబట్టి ఎవరూ తియ్యరు, తమది కాదు కాబట్టి ఎవరూ బాగు చెయ్యరు.

స్టేట్ హైవేలకి ఇదే పని ఇంకో కారణంతో జరిగింది. 2016 డిసెంబరులో సుప్రీంకోర్టు, జాతీయ, రాష్ట్ర రహదారులకి 500 మీటర్ల లోపల మద్యం అమ్మొద్దంది. తాగి నడిపి చచ్చిపోతున్నారని. 2017 మార్చి 31న కొంచెం సడలించి, 20,000 లోపు జనాభా ఉన్న చోట్ల 220 మీటర్లు చేసింది. అప్పుడు మన ప్రభుత్వాలకి రోడ్లు కొలిచే బుద్ధి పుట్టింది. షాపుని జరపడం కష్టం, హైవేని జరపడం సులువు! ఊళ్ళల్లోంచి పోయే స్టేట్ హైవే ముక్కల్ని జిల్లా రోడ్లనీ, సిటీ రోడ్లనీ పేరు మార్చారు. చండీగఢ్ అట్లా చేస్తే కేసు సుప్రీంకోర్టు దాకా పోయింది. 2017 జులైలో కోర్టు, ఊరి లోపలి రోడ్ల విషయంలో తప్పు లేదంది. ఈ కథ మామకి చెప్తే కాసేపు ఆలోచించి, "అంటే హైవే పోతే కొందరికి కొట్లు మూతపడతాయి, కొందరికి కొట్లు నిలబడతాయి" అన్నాడు.

అమెరికాలో రూట్ 66 అని పాటలకీ సినిమాలకీ ఎక్కిన రోడ్డుంది. పక్కన ఇంటర్‌స్టేట్‌లు వచ్చాక, 1985లో దాన్ని హైవేల జాబితాలోంచి తీసేశారు. ఇప్పుడు ఆ ముక్కల్ని చూడ్డానికి టూరిస్టులు పోతుంటారు. కాలిఫోర్నియాలో రాష్ట్రం తన హైవే ముక్కల్ని ఊళ్ళకి అప్పగించే పద్ధతి చట్టంలోనే ఉంది. ఊరివాళ్ళు ఒప్పుకుంటే తీసుకుంటారు, చెట్లు నాటుకుంటారు, ఫుట్‌పాత్ వెడల్పు చేసుకుంటారు. మాకు ఆ ఒప్పుకోవడాలు, అప్పగింతలు ఏవీ కనబళ్ళా. ఒకరోజు లారీలు రాలేదు, అంతే.

శనివారం పొద్దున ఆరింటికి మామ బండి మీద బయల్దేరాం. ముందు చెప్పిన రెండు రోజుల్లో ఇది మొదటిది. పని ఒకటి పెట్టుకున్నా, పాత మైలురాయి ఏదైనా కనబడుతుందేమోనని. జాతీయ రహదారి రాయికి తలమీద పసుపు, రాష్ట్ర రహదారికి ఆకుపచ్చ, ఊరి రోడ్డుకి నారింజ రంగు ఉంటాయి. ఆ రంగు చూస్తే రోడ్డు హోదా తెలుస్తుంది. అయ్యప్పగుడి నుంచి పెన్న దాకా వెతికాం. పసుపు రాయి ఒక్కటీ కనబళ్ళా. ఫ్లెక్సీలు మాత్రం ప్రతి స్తంభానికీ ఉన్నాయి.

రాళ్ళు లేకపోతేనేం, పేర్లున్నాయి. మద్రాసు 1996లో చెన్నై అయింది, మా మద్రాసు బస్టాండు మాత్రం చెన్నై బస్టాండు కాలేదు, కాదు కూడా. వీఆర్సీ అంటే వెంకటగిరి రాజా కాలేజీ అని సగం మంది పిల్లకాయలకి తెలీదు, అయినా అక్కడే దిగుతారు. నర్తకి, కనకమహల్ సినిమా హాళ్ళ పేర్లు. సినిమాకి పోని వాళ్ళకి కూడా అవే గుర్తులు. గాంధీ బొమ్మ దగ్గర టీ తాగుతూ మామతో అన్నా, గాంధీ 1921 ఏప్రిల్ 7న స్వయంగా వచ్చి పినాకినీ ఆశ్రమం మొదలుపెట్టింది మా మండలంలో, పల్లిపాడులో, ఈ సెంటర్లో కాదు అని. "అయితే బొమ్మ మాదగ్గర పెట్టినారు, మనిషిని మీరు తీసుకున్నారు" అన్నాడు.

ఏడున్నరకి అసలు ట్రంకు రోడ్డు లేచింది. నేను గమనించింది ఒకటే, ఈ రోడ్డుకి బేరం తగ్గలేదు. పెరిగింది. బంగారం కొట్లు, బట్టల షాపులు, సెల్ కవర్లు, కారం దోశ బండ్లు. లారీ పోయిన చోటికి మనిషి వచ్చి నిలబడ్డాడు. బండ్లు ఆపడానికి చోటు లేదు, నడవడానికి అంతకంటే లేదు. కానీ ఆగేవాళ్ళంతా ఇక్కడివాళ్ళే. పాత పెన్నా బ్రిడ్జి మీద కాసేపు ఆగాం. ఇసకలో ఒక పాయ, తెల్లకొంగలు, దూరంగా రంగనాథస్వామి గాలిగోపురం. రెండు బస్సులు, లెక్కలేనన్ని బైకులు, కోవూరు నుంచి పాల క్యాన్లు. లారీ అంటే ఒక్క ఇటుకల లారీ వచ్చింది.

కోవూరులో ఇడ్లీ తిని, తిరుగు ప్రయాణం బైపాస్ మీద. మామ చూసిపెట్టుకున్న షాపు ముందు, సర్వీసు రోడ్డులో, గంటసేపు కూర్చున్నాం. ముందర కంటెయినర్లు, కార్లు మోసే పొడుగు బండ్లు, కృష్ణపట్నం పోర్టు వైపు పోయే టిప్పర్లు. చెవులు గింగుర్లెత్తిపోయాయి. మామ మొహం వెలిగిపోయింది, పాతికేళ్ళ కిందటి చప్పుడు మళ్ళీ వినబడినట్టు. కానీ ఒక్క బండీ ఆగలా. పక్కనున్న టైర్ల కొట్టాయన్ని అడిగితే అసలు విషయం చెప్పాడు. కొత్త లారీలకి కంపెనీ సర్వీసు ఒప్పందాలుంటాయి. చెడిపోతే డ్రైవరు ఫోను కొడతాడు, కంపెనీ మెకానిక్కే పార్టు తెచ్చుకుంటాడు. ఫాస్టాగ్ వచ్చాక టోల్ దగ్గర కూడా ఎవరూ దిగడంలేదు. "టైరైతే పేల్తాది కాబట్టి నేను బతుకుతా ఉండా. బెల్టులూ బేరింగులూ ఎవరు కొంటారన్నా రోడ్డు మీద?"

మామ మాట్లాడలా. బండి స్టార్ట్ చేశాడు. దార్లో ఒకటే గుర్తుచేశాడు. 2021 నవంబరులో పెన్న పొంగినప్పుడు పడుగుపాడు దగ్గర రైలు కట్ట కొట్టుకుపోయింది, కోవూరు దగ్గర హైవే మీదికి నీళ్ళొచ్చి బండ్లన్నీ ఆగిపోయాయి. ఆ రెండు రోజులూ ఆగిపోయిన లారీల డ్రైవర్లు కొందరు పాత రోడ్డులోకి వచ్చి మామ షాపు దగ్గర నిలబడ్డారు. సెల్ చార్జింగు పెట్టుకున్నారు, అత్త అన్నం వండి పెట్టింది. "పాత రోజులొచ్చినాయనుకున్నారా" అన్నాడు. బేరం ఎంతయిందని అడిగా. రెండు బల్బులు.

ఆదివారం మామ షాపులోనే కూర్చుని, వచ్చినవాళ్ళు ఏం అడుగుతున్నారో నా ఫోన్లో రాసుకున్నా. మధ్యాహ్నం లోపల 31 మంది వచ్చారు. 19 మంది బైకు సామాన్లు అడిగారు, 7 మంది ఆటో సామాన్లు, ఇద్దరు ఎలక్ట్రిక్ స్కూటరుకి ఏదో. లారీకి అడిగినవాళ్ళు ముగ్గురు. మామ దగ్గర ఉన్న సరుకులో ముప్పావు వంతు లారీకే. బైకు వాళ్ళని "పక్కన చూడండి" అని పంపించేస్తున్నాడు, అదీ చాలా మర్యాదగా.

సాయంత్రం ఫోను ముందు పెట్టి నా మాట చెప్పా. 8 లక్షలకి సంతకం పెట్టను. ఇదే షాపులో సరుకు మార్చడానికి 3 లక్షలు నేనే ఇస్తా, వడ్డీ వద్దు, ఎప్పుడన్నా ఇవ్వు. హైవే ఇక్కడికి తిరిగి రాదు, నువ్వు దాని వెనక పోయినా అది నీకోసం ఆగదు. బజారు మాత్రం నీ గుమ్మం ముందే ఉంది.

"మీ నాయన లెక్కలే నీకూ వచ్చినాయి" అన్నాడు. అది మెచ్చుకోలు కాదు. అత్త కాఫీ తెచ్చింది, ఇద్దరం గ్లాసుల్లోకి చూసుకుంటూ తాగాం. మైపాడు గేటు దగ్గర ఆటో ఎక్కి ఇందుకూరుపేట చేరేసరికి ఎనిమిదయింది. అప్పటికే అమ్మకి ఫోను వచ్చి ఉంది. "వాడి మీద అంత గట్టిగా మాట్లాడాలా" అంది. నాయన టీవీ సౌండు పెంచాడు.

మూడు వారాలు మామ దగ్గర నుంచి ఒక్క మెసేజీ లేదు, పొద్దున్నే పంపే గుడ్ మార్నింగ్ పూల బొమ్మలు కూడా లేవు. పోయిన బుధవారం ఆఫీసులో మీటింగులో ఉండగా వాట్సాప్‌లో ఫోటో వచ్చింది. రూళ్ళ కాగితం మీద ఆయన చేతిరాత: బైకు క్లచ్ ప్లేట్లు, బ్రేక్ షూలు, చైన్ సెట్లు, ఒక్కోదాని ఎదురుగా హోల్‌సేలు రేటు. చివర కూడిక వేసి ఉంది, 2,84,600. కింద ఒక వాయిస్ మెసేజి: "అబ్బయా, బోర్డు పెయింటరు ఎన్.హెచ్.5 తీసేసి ఏం రాయాల అంటా ఉండాడు. 16 అని రాద్దామా?"

ట్రంకు రోడ్డు అని రాయించు మామా అని టైపు చేసి పంపా.